డెలాక్రువా ‘సాదా’ బొమ్మ నకలు: జరీ పసుపు ముద్దలా వస్తోంది, ఏం చేయాలి?

నీటిరంగుల_నాని
ఫ్రెంచ్ చిత్రకారుడు డెలాక్రువా 1832లో వేసిన మొరాకో యూదు స్త్రీ సాదా బెన్‌షిమోల్, ఆమె కూతురు ప్రెసియాదా బొమ్మ ఉంది కదా, న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియం వాళ్ళ దగ్గరున్న నీటిరంగు చిత్రం. దాన్ని పెద్దది చేసి వేస్తున్నా. కాగితం హాఫ్ ఇంపీరియల్ (38 × 56 సెం.మీ.), 300 జీఎస్ఎం మందం, కోల్డ్ ప్రెస్ (కాస్త గరుకు రకం). ముఖాలు పర్లేదు. చిక్కంతా బట్టల దగ్గరే. జరీ ఉండాల్సిన చోటల్లా పసుపు ముద్ద పెట్టినట్టుంది. మఖ్మల్‌లో మఖ్మల్ గుణమే రావట్లేదు. అసలు బొమ్మలో కుట్టుపని వివరంగా కనపడదు కాబట్టి మొరాకో యూదుల పెళ్ళిబట్టల ఫొటో ఒకటి పక్కన పెట్టుకుని నింపుతున్నా. రంగులు: కాడ్మియం ఎల్లో, ఎల్లో ఓకర్, బర్న్ట్ అంబర్, అలిజరిన్ క్రిమ్సన్, సాప్ గ్రీన్. ఎక్కడ తేడా కొడుతోంది?

కుంచె_మాస్టారు
కాడ్మియం ఎల్లో తీసి పక్కన పెట్టు. సగం రోగం అదే.

పాతపటాలు
రంగు సంగతి తర్వాత, ముందు కొలత చూడు. అసలు బొమ్మ 22.2 × 16.2 సెం.మీ. అంతే. హాఫ్ ఇంపీరియల్ వెడల్పు 38 సెం.మీ. అంటే 2.35 రెట్లు పెంచుతున్నావు, విస్తీర్ణంలో అయిదున్నర రెట్లు. ఆయన కుంచె కొసతో ఒక్క మి.మీ. చుక్క పెట్టి జరీ అనిపించిన చోట నువ్వు రెండు మి.మీ. దాటిన మచ్చ నింపాలి. ఆ మచ్చ లోపల ఏదో ఒకటి జరగాలి, లేకపోతే కన్ను దాన్ని జరీ అని ఒప్పుకోదు. క్వార్టర్ ఇంపీరియల్‌కి దిగిపో. 1.71 రెట్లు పెంచితే 38 × 27.7 వస్తుంది, 38 × 28 కాగితానికి అతికినట్టు సరిపోతుంది.

నీటిరంగుల_నాని
స్కెచ్ మొత్తం అయిపోయింది సార్, ఇప్పుడు దిగమంటే ఎలా 😭

పాతపటాలు
దిగకపోతే జరీ లోపల పని పెంచుకో. రెండిట్లో ఒకటి తప్పదు.

కుంచె_మాస్టారు
నానీ, బంగారం పసుపు రంగు కాదు, వెలుగు చీకట్ల లెక్క. జరీ పట్టీ ఒకటి తీసుకుని కళ్ళు సగం మూసి చూడు. మూడింట రెండొంతులు ముదురు గోధుమ, మిగతాదాంట్లో ఎక్కువ భాగం మధ్యరకం, అసలు మెరుపు సన్నటి గీత మాత్రమే. నేర్చుకునేవాళ్ళు దీన్ని తలకిందులు చేసి ముందు పసుపు పరిచి, మీద గోధుమరంగు గీతలు గీస్తారు.

నేను చెప్పే వరస ఇది. ముందు మొత్తం పట్టీ మీద పలచటి రా సియెన్నా ఒక పూత, మెరుపు గీతలకి కాగితం వదిలేసి. ఆరాక ఎల్లో ఓకర్ మూడు పాళ్ళు, బర్న్ట్ సియెన్నా ఒక పాలు కలిపి మధ్య రంగు. అది ఎముకలా ఆరాక బర్న్ట్ అంబర్‌లో అల్ట్రామెరీన్ నీలం చుక్క కలిపి నీడలు. మూడే పూతలు. నాలుగోది వేశావంటే బురదే. మెరుపు అంచు కత్తితో కోసినట్టు ఉండాలి. తడి మీద తడి వేస్తే అంచు పాకిపోతుంది, అక్కడే అది లోహం కాకుండా పోతుంది.

ఇంకొకటి. పక్కన ఎర్ర మఖ్మల్ ఉంటే జరీ నీడలో ఆ ఎరుపు కాస్త కనపడాలి, ఆకుపచ్చ ఉంటే ఆకుపచ్చ. బంగారానికి సొంత రంగు తక్కువ, పక్కవాళ్ళ రంగే ఎక్కువ.

చిలకలపూడి_చిన్నోడు
ఇంత గొడవ ఎందుకండీ, గోల్డ్ పోస్టర్ కలర్ సీసా కొట్టుకి వెళ్తే దొరుకుతుంది కదా

కుంచె_మాస్టారు
దొరుకుతుంది. వేశాక ఎదురుగా నిలబడితే మెరుస్తుంది, రెండడుగులు పక్కకి జరిగితే మసి రంగులోకి పోతుంది. స్కాన్ చేస్తే బూడిద. ఆ బొమ్మలో వెలుగు ఒకవైపు నుంచి వస్తోంది. నీ సీసా బంగారానికి ఆ సంగతి తెలీదు, గదిలో బల్బు ఎటుంటే అటు మెరుస్తుంది.

చిలకలపూడి_చిన్నోడు
సరే, తంజావూరు పటం అవుతుందంటారు. 🙏

జరీపోగు
మాస్టారు రంగు చెప్పారు, నేను బట్ట చెప్తా. కుట్టు ఎలా పుట్టిందో తెలీకుండా వేస్తే వెలుగు ఎక్కడ పడాలో తెలీదు.

నాని పక్కన పెట్టుకున్న ఫొటో ‘కెస్వా ఎల్ క్బీరా’ అయ్యుంటుంది. స్పానిష్ మాట్లాడే ఉత్తర మొరాకో ఊళ్ళల్లో, టాంజియర్, తెతువాన్ వైపు, దాన్నే ‘బెర్బెరిస్కా’ అంటారు. 1492లో స్పెయిన్ నుంచి వెళ్ళగొట్టిన యూదులు తమ వెంట తెచ్చుకున్న కట్టు అది. పెళ్ళికి ముందు జరిగే బెర్బెరిస్కా రాత్రి పెళ్ళికూతురికి తొడుగుతారు, తర్వాత పండగలకీ పబ్బాలకీ ఆమే కట్టుకుంటుంది.

అది ఒక్క గౌను కాదు, ముక్కలు. కింద ‘జెల్తేతా’ అనే మఖ్మల్ చుట్టు లంగా. పైన ‘గొంబాజ్’, పొట్టి కోటు. కోటు ముందు తెరుచుకున్న చోట ఛాతీ మీద ‘క్తెఫ్’, బిరుసైన కుట్టుపని పలక. చేతులు వేరే: ‘క్మామ్’ అని పలచటి పట్టు చేతులు, భుజం దగ్గర నుంచి బాగా వెడల్పుగా జారి వెనకాల ముడిపడతాయి. నడుముకి ‘హ్జామ్’, మొరాకోలోని ఫెజ్ నగరంలో నేసిన వెడల్పాటి పట్టు పట్టీ, నిలువునా మడిచి చుట్టేది. నెత్తిన అలంకారం, దాని మీద ‘ఫెస్తూల్’ రుమాలు. పెళ్ళయిన ఆడవాళ్ళు జుట్టు బయటికి చూపించకూడదు కాబట్టి కొన్ని ఊళ్ళల్లో పట్టు పోగులతో చేసిన ఉత్తుత్తి జుట్టు పెట్టుకునేవాళ్ళు. నీ బొమ్మలో జుట్టు అనుకుని మెత్తగా వెంట్రుకలు గీసేముందు అది నిజంగా జుట్టో కాదో చూసుకో.

నీటిరంగుల_నాని
అక్కా, మరి లంగా మీద జరీ వరసలు? నేను అడ్డంగా సూటిగా గీశా, లంగా బల్లపరుపుగా కనపడుతోంది.

జరీపోగు
కనపడుతుంది మరి. జెల్తేతాలో కుచ్చిళ్ళు ఉండవు. పైన ఇరుకుగా, కింద వెడల్పుగా కోసిన ముక్కలు కలిపి కుడతారు. అందుకని మడతలు నడుము దగ్గర సన్నగా పుట్టి కిందికి గొట్టాల్లా విచ్చుకుంటాయి. జరీ పట్టీలు అంచుకి సమాంతరంగా తిరుగుతాయి కాబట్టి ప్రతి గొట్టం మీదా వంపు తిరగాలి, రెండు గొట్టాల మధ్య పల్లంలో ఎదురు వంపు తిరగాలి. అంచు గీత ముందు గీసుకో. మిగతా వరసలన్నీ దాన్ని చూసి గియ్యి, కిందవి దూరంగా, పైకి పోయేకొద్దీ దగ్గరగా. చుట్టు లంగా కాబట్టి ఒక అంచు ముందుకి వచ్చి పడుతుంది, బరువైన కుట్టంతా ఆ కింది మూలలో ఉంటుంది. మెరుపు దాచుకుని అక్కడ ఖర్చు పెట్టు.

మగ్గం_మల్లేశ్వరి
జరీ అంటే మన మగ్గం వర్క్ లాంటిదేనా? జర్దోసి స్ప్రింగ్ లాగా గీస్తే సరిపోతుందా?

జరీపోగు
కాదు మల్లేశ్వరీ, ఇక్కడే చాలామంది జారతారు. ఆరీ సూదితో మనం గుడ్డని గుచ్చి కింది నుంచి దారం లాగుతాం, గొలుసు కుట్టు వస్తుంది. జర్దోసి తీగ ముక్కలు కోసి పూసల్లా ఎక్కిస్తాం. మొరాకో పనిలో బంగారు పోగు గుడ్డలోకి దిగదు. పట్టు దారం చుట్టూ సన్నటి లోహపు రేకు చుట్టిన పోగు అది, లోపలికీ బయటికీ లాగితే రేకు ఊడిపోతుంది. అందుకని తోలుతోనో అట్టతోనో పువ్వు ఆకారం కోసి మఖ్మల్ మీద పెట్టి, పోగుని దాని మీద ఈ అంచు నుంచి ఆ అంచుకి పరిచి, అంచుల దగ్గర మామూలు దారంతో కట్టేస్తారు.

బొమ్మ వేసేవాళ్ళకి దీంతో పనేంటంటే, పువ్వు గుడ్డ మీద ఎత్తుగా నిలబడుతుంది. వెలుగు వచ్చే వైపు అంచు మెరుస్తుంది, అవతలి అంచు కింద మఖ్మల్ మీద సన్నటి ముదురు నీడ పడుతుంది. ఆ ఒక్క నీడ గీత పెడితే చాలు, కుట్టు లేచి నిలబడుతుంది. పువ్వు లోపల పోగుపోగూ గీయొద్దు.

మగ్గం_మల్లేశ్వరి
అంటే మన కట్‌వర్క్‌లో అట్ట పెట్టి ఎత్తు చేసినట్టు. అర్థమైంది.

వీధిఅరుగు
ఈ పువ్వులూ నీడలూ ఏవీ డెలాక్రువా వేయలేదు కదండీ. ఎవరిదో వేరే శతాబ్దం ఫొటో చూసి 1832 బొమ్మలో కుట్టుపని నింపితే దాన్ని నకలు అనరు. నాని ఏదో ఒకటి తేల్చుకోవాలి.

పాతపటాలు
వీధిఅరుగు గారితో సగం ఏకీభవిస్తా. ఆ బొమ్మ మనుషుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని వేసిందే కాదు. ఫ్రాన్స్ రాయబారి కౌంట్ ద మోర్నే దౌత్య బృందంతో ఆయన 1832 జనవరి చివర్లో టాంజియర్ దిగాడు, జూలై మొదట్లో ఫ్రాన్స్‌లోని తూలోన్ ఓడరేవుకి తిరిగొచ్చాడు. అక్కడ క్వారంటైన్‌లో పెట్టారు. మోర్నేకి ఇచ్చిన 18 నీటిరంగుల ఆల్బమ్ ఆ ఖాళీలో వేసిందే, సాదా బొమ్మ అందులోదే. చేతిలో ఉన్నది స్కెచ్ పుస్తకాలూ జ్ఞాపకమూ. పెన్సిల్ గీతల పక్కన ఏ గుడ్డ ఏ రంగో మాటల్లో రాసుకునే అలవాటు ఆయనది. పుస్తకాలు ఏడుంటే ఇప్పుడు మిగిలినవి నాలుగు, మూడు పారిస్ లూవ్ర మ్యూజియంలో, ఒకటి షాంటిల్లీ ఊరి మ్యూజియంలో. అంటే ఆయనే అప్పటికి సగం వదిలేశాడు, సగం కుదించాడు. ఆ కుదింపే బొమ్మ. నింపితే అది పోతుంది.

జరీపోగు
నింపమని నేను అనలేదు. తెలుసుకుని వదిలేయడం వేరు, తెలీక వదిలేయడం వేరు. ఆయన సాదా వాళ్ళ ఇంట్లో ఆ బట్టల్ని దగ్గర నుంచి చూసినవాడు.

వీధిఅరుగు
అది ఒప్పుకుంటా.

బోస్టన్_బాబాయ్
పెళ్ళి బొమ్మ కూడా ఉంది కదా, పెద్ద ఆయిల్. అందులో పెళ్ళికూతురి బట్టలు చూసి వేసుకోవచ్చేమో?

పాతపటాలు
‘మొరాకోలో యూదుల పెళ్ళి’, లూవ్రలో ఉంది, 105 × 140.5 సెం.మీ., 1841లో ‘సెలూన్’ అనే పారిస్ చిత్రప్రదర్శనలో పెట్టాడు. బాబాయ్, అందులో పెళ్ళికూతురు లేదు! లోపలి గదిలో ఉండిపోయింది. ముంగిట్లో వాద్యగాళ్ళు, నాట్యం చేసే ఆవిడ, చుట్టాలు, అంతే. 1832 ఫిబ్రవరి 21న ఆయన స్వయంగా వెళ్ళిన పెళ్ళి. 1842లో ఒక పత్రికకి దాని మీద వ్యాసం కూడా రాశాడు. పెళ్ళికూతురు కళ్ళు మూసుకుని కదలకుండా ఉండాలి, ఆ ఆచారాన్ని గమనించాడు. పెళ్ళికూతురి నీటిరంగు బొమ్మ వేరే ఉంది, అదీ లూవ్రదే. నెట్‌లో జనం ఈ రెండిటినీ, సాదా బొమ్మనీ కలిపేసి ఒకదాని పేరు ఇంకోదానికి తగిలిస్తుంటారు.

బోస్టన్_బాబాయ్
పెళ్ళికూతురు లేని పెళ్ళి ఫొటో. మా ఊరి ఫొటోగ్రాఫర్ ఇలా తీస్తే డబ్బులు ఇచ్చేవాళ్ళు కాదు.

నల్లమల_నవ్య
నాకో సందేహం. ఇదంతా ఒక ఫ్రెంచివాడు తూర్పు దేశపు ఆడవాళ్ళని అందంగా చూపించి అమ్ముకున్న బాపతే కదా? 1830లో అల్జీర్స్ ఆక్రమించారు, 1832లో మొరాకో సుల్తాన్‌ని అల్జీరియా జోలికి రావొద్దని చెప్పడానికి దౌత్యం నడిపారు. ఆ బృందంతో వెళ్ళిన చిత్రకారుడు ఈయన. స్నేహితుడికి రాసిన ఉత్తరంలో యూదు స్త్రీలని ముత్యాలన్నాడు. మనం జరీ మెరుపు గురించి కొట్టుకుంటున్నాం.

పాతపటాలు
చెప్పిందంతా నిజం. ఒకటి కలుపుతా. ముస్లిం ఇళ్ళల్లోకి ఆయనకి ప్రవేశం లేదు, వీధిలో బొమ్మ గీస్తే జనం ఊరుకోలేదు. సాదా భర్త, ఫ్రెంచ్ కాన్సులేట్ దుబాసీ అబ్రహాం బెన్‌షిమోల్ వల్ల యూదుల ఇళ్ళు తెరుచుకున్నాయి. అందుకే మొరాకో బొమ్మల్లో ఆడవాళ్ళు అంటే చాలావరకు యూదు ఆడవాళ్ళే. దీంట్లో ఎవరు కూర్చున్నారో పేరుతో సహా మనకి తెలుసు, సాదా, ప్రెసియాదా. తర్వాత వచ్చిన చాలామంది ‘టాంజియర్ యూదు స్త్రీ’ అని ఒక రకంగా అమ్మారు, మనిషి పేరు లేదు. డెలాక్రువా కూడా 1833లో ‘అల్జీర్స్ యూదు స్త్రీ’ అని ఎచింగ్ (లోహపు రేకు మీద గీసి అచ్చేసే బొమ్మ) వేశాడు, అందులోనూ పేరు లేదు. కాబట్టి ఆయన్ని ఊరికే వదిలేయమని నేను అనట్లేదు.

నల్లమల_నవ్య
పేరు తెలిసింది కదా అని ఆమె ఒప్పుకుని కూర్చున్నట్టు కాదు. మొగుడు పనిచేసేది కాన్సులేట్‌లో.

పాతపటాలు
అదీ నిజమే. అదే టాంజియర్‌లో పుట్టిన సోల్ హచుయెల్ అనే యూదు అమ్మాయిని రెండేళ్ళకే, 1834లో, ఫెజ్‌లో తల నరికారు. మతం మారి వెనక్కి పోయిందని ఆరోపణ. ఫ్రెంచ్ చిత్రకారుడు దెహోదెంక్ తర్వాత దాన్ని పెద్ద బొమ్మగా వేశాడు. బెన్‌షిమోల్ ఇంటి నాలుగ్గోడల లోపల కనిపించే ఆ బంగారానికి బయట పరిస్థితి అది.

అరుగు_పెద్ద (నిర్వాహకులు)
మంచి చర్చే, దీనికి వేరే చర్చ తెరవండి, అక్కడికి నేనూ వస్తా. ఇక్కడ నాని మఖ్మల్ ఇంకా ఆరలేదు.

కుంచె_మాస్టారు
మఖ్మల్. పట్టు, సాటిన్ అయితే మన వైపు ఉబ్బిన చోట మెరుస్తాయి. మఖ్మల్ సరిగ్గా తిరగేసి: ఎదురుగా ఉన్న చోట చీకటి, మడత పక్కకి తిరిగే అంచు దగ్గర వెలుగు. నూగు నిలబడి ఉంటుంది కాబట్టి ఎదురు నుంచి చూస్తే వెలుగు లోపలికి పోతుంది, పక్క నుంచి చూస్తే నూగు కొసలు వెలుగు పట్టుకుంటాయి. నువ్వు మడత నడుమ మెరుపు పెట్టి ఉంటావు, అందుకే అది సాటిన్ అయ్యింది.

పద్ధతి: క్వినాక్రిడోన్ రోజ్ (ట్యూబు మీద రంగు కోడ్ పీవీ19) రెండు పాళ్ళు, బర్న్ట్ సియెన్నా ఒక పాలు, అంతటా ఒక పూత. ఆరాక అదే మిశ్రమంలో అల్ట్రామెరీన్ కలిపి మడత నడుమ నింపు, అంచుకి రెండు మి.మీ. ముందే ఆపి తడి కుంచెతో కరిగించు. నలుపు ముట్టుకోకు. అంచు వెలుగు ఇంకా కావాలంటే సన్నటి ఫ్లాట్ కుంచె తడిపి పిండి ఒకే ఒక్కసారి లాగు, టిష్యూతో అద్దు. రెండోసారి లాగితే కాగితం నూగు లేస్తుంది.

రంగుడబ్బా
అలిజరిన్ క్రిమ్సన్ గురించి ఎవరూ అనలేదు. దాని రంగు కోడ్ పీఆర్83 అయితే వెలుగుకి వెలిసిపోతుంది, మాస్టారు చెప్పిన పీవీ19 మేలు. పైగా కృత్రిమ అలిజరిన్ 1868లో వచ్చింది, డెలాక్రువా అప్పటికే పోయాడు (1863). ఆయన కాలానికి మాడర్ మొక్క వేరు నుంచి తీసిన ఎర్రరంగు (‘లేక్’ అంటారు), పురుగుల నుంచి తీసిన కార్మైన్ ఎరుపు ఉండేవి. అలాగే విరిడియన్ ఆకుపచ్చ పేటెంట్ 1859. ఆకుపచ్చ కావాలంటే ప్రష్యన్ బ్లూలో రా సియెన్నా కలుపు, ఆ రెండూ అప్పటికే ఉన్నాయి. కాకపోతే ప్రష్యన్ కాగితానికి పట్టేస్తుంది, తడిపి లాగినా తెల్లబడదు. ఆకుపచ్చ మఖ్మల్ అయితే అంచులు ముందే వదిలేయాలి.

నీటిరంగుల_నాని
పలచటి చేతులు? తెల్ల గౌష్ (కింది రంగుని కప్పేసే నీటిరంగు) పలచన చేసి పూస్తే పాలు ఒలికినట్టు నీలంగా వచ్చింది.

రంగుడబ్బా
జింక్ వైట్ ముదురు రంగు మీద పలచగా పడితే నీలం కొడుతుంది, దాని స్వభావమే అది. నీటిరంగుల్లో వాడే జింక్ వైట్, అంటే చైనీస్ వైట్, 1834లో బజారుకి వచ్చింది, ఈ బొమ్మ 1832. అప్పట్లో తెలుపు అంటే సీసం తెలుపు లేదా వదిలేసిన కాగితం. సీసం తెలుపు గాలిలో గంధకానికి నల్లబడుతుంది, పాత డ్రాయింగుల్లో మెరుపు ఉండాల్సిన చోట నల్ల మచ్చ కనపడితే తరచూ అదే కారణం. కాబట్టి కాగితమే వాడు.

పలచటి గుడ్డకి లెక్క సులువు. ఒక పొర ఉన్న చోట వెనక రంగు సగం గాఢతతో వెయ్యి, కాస్త చల్లగా. రెండు పొరలు మడతపడ్డ చోట పావు వంతు. మూడు పొరలు, అంచు కుట్టు, ముడి, ఇక్కడ కాగితం వదిలెయ్. చెయ్యి గుడ్డకి ఆనుకున్న చోట ఒంటిరంగు తేటగా కనపడాలి, దూరమైన చోట మాసిపోవాలి. అందరూ చెయ్యి మొత్తం ఒకేలా కనిపించేట్టు వేస్తారు, అప్పుడది గుడ్డలా కాక గాజులా ఉంటుంది.

చిలకలపూడి_చిన్నోడు
కాగితం వదలడానికి మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా పూసి తర్వాత ఊడదీసే జిగురు) పెట్టొచ్చా మరి?

రంగుడబ్బా
జరీ మెరుపులకి పెట్టొచ్చు, చేతులకి వద్దు, అంచులు మరీ గట్టిగా వస్తాయి. పెట్టాక హెయిర్ డ్రయ్యర్ కొట్టొద్దు, వేడికి కాగితంలోకి అతుక్కుపోతుంది. మన ఎండాకాలంలో అసలే నమ్మొద్దు, ఆ రోజే వేసి ఆ రోజే తీసెయ్. పాత కుంచెకి ముందు సబ్బు రాసి ముంచు.

కుంచె_మాస్టారు
ఆఖరుగా, ముత్యాలు ఒక్కొక్కటీ వేయకు. దండలో వెలుగు వైపు మూడో నాలుగో పూర్తిగా వేసి, మిగతావి చుక్కలుగా వదిలెయ్. బట్టలు బాగా కుదిరాయంటే ఇంకో చిక్కు వస్తుంది, చూసేవాళ్ళు ముఖం వైపు పోరు. అందుకని బొమ్మ మొత్తంలో అతి గట్టి అంచు, అతి పెద్ద తేడా ముఖం దగ్గరే ఉంచు. లంగా మూల జరీ దానికన్నా ఒక మెట్టు తక్కువ.

నీటిరంగుల_నాని
క్వార్టర్‌లో మళ్ళీ మొదలుపెట్టా. జరీ పట్టీ ఒకటి విడిగా ముక్క కాగితం మీద మూడు పూతల్లో వేశా, మాస్టారూ, పని చేసింది. కుట్టు నింపట్లేదు, లంగా మూలలో మాత్రం నీడ గీతలు పెడుతున్నా. వీధిఅరుగు గారు తిట్టుకోవచ్చు.

వీధిఅరుగు
మూలలో ఫర్వాలేదు.

బోస్టన్_బాబాయ్
అయ్యాక సంతకం ఏం పెడతావు? అమ్మే ఉద్దేశం ఉందా?

పాతపటాలు
అమ్మినా అమ్మకపోయినా వెనకాల ‘డెలాక్రువా 1832 చిత్రానికి నకలు’ అని, సొంత పేరు, సంవత్సరం, కొలత పెన్సిల్‌తో రాయి. అసలుకి కాపీరైట్ గొడవ లేదు, కానీ కొలత వేరేగా ఉండటం మంచిదే, రేపు ఎవరూ దాన్ని ఇంకోలా అమ్మలేరు. ఫ్రేములో అద్దం కాగితానికి తగలకుండా మధ్యలో మౌంట్ (అట్ట చట్రం) పెట్టించు, తేమకి అతుక్కుపోతుంది. మ్యూజియాలు కాగితం బొమ్మల మీద వెలుగు 50 లక్స్ (వెలుగు కొలత) దాటనివ్వవు. మనింట్లో అంత కుదరదు కానీ కిటికీ ఎదురు గోడ మాత్రం వద్దు.